మా ఊరకుక్క బెల్లం థెరపీ డాగ్ అయింది

బెల్లం మా ఇంటికొచ్చింది 2021 నవంబరులో, పెన్నకి వరదొచ్చిన వారంలో. కోవూరు దగ్గర హైవే కోసుకుపోయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, నెల్లూరు నుంచి విజయవాడ వైపు రాకపోకలు ఆగిపోయిన రోజులవి. మా ఆయన స్నేహితులతో కలిసి వెంకటేశ్వరపురంలో భోజనం పొట్లాలు పంచడానికి వెళ్లి, సాయంత్రం తువ్వాలులో చుట్టుకుని ఒక కుక్కపిల్లని తెచ్చారు. రెండు నెలలు కూడా నిండి ఉండవు. ఒళ్లంతా బురద, ఒకటే వణుకు. స్నానం చేయించి ఆరబెట్టాక చూస్తే ముదురు బెల్లం రంగు. మా అబ్బాయి అప్పటికప్పుడు ఆ పేరు పెట్టేశాడు.

మా అత్తయ్యకి మడీ ఆచారం ఎక్కువ. “అది వసారా దాటి లోపలికొచ్చిందా, నేను మా తమ్ముడింటికి పోతాను” అని చెప్పేశారు. అందుకని బెల్లం ఏడాదిన్నర పాటు వసారాలోనే పెరిగింది. గడపకి ఇవతల ముందుకాళ్లు రెండూ చాపుకుని, గడ్డం వాటి మీద ఆనించి, లోపల తిరిగే మనుషుల్ని చూస్తూ పడుకునేది. లోపలికి మాత్రం అడుగుపెట్టేది కాదు.

2023 జూన్‌లో అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. ఆసుపత్రి నుంచి తెచ్చాక గాలి బాగా వస్తుందని వసారాలోనే మంచం వేశాం. ఫిజియోథెరపీ అబ్బాయి రోజు మార్చి రోజు వచ్చి వేళ్లకి వ్యాయామం చెప్పేవాడు. రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేవాడు. అత్తయ్య ఆ బంతిని మంచం కిందకి జారవిడిచేవారు. “ఈ ఆటలు నాకెందుకయ్యా, నేనేమన్నా పసిబిడ్డనా” అనేవారు. మనిషిలో ఆశ లేనప్పుడు వ్యాయామం ఎంత చెప్పినా ఎక్కదు.

ఒక మధ్యాహ్నం ఆమె కుడి చెయ్యి మంచం పట్టె మీదనుంచి కిందికి వేలాడుతోంది. బెల్లం వచ్చి సరిగ్గా ఆ చేతి కింద పడుకుంది. నేను చూసి దాన్ని పిలవబోయాను. అత్తయ్య ఎడమ చేత్తో ‘ఉండనీ’ అన్నట్టు సైగ చేశారు. మూడు నాలుగు రోజుల తర్వాత గమనించాను, ఆ వేలాడే చేతి చూపుడువేలు, మధ్యవేలు బెల్లం చెవి వెనకాల చాలా మెల్లగా, గోరంత దూరం అటూ ఇటూ కదులుతున్నాయి. బెల్లం కళ్లు మూసుకుని ఉంది.

ఫిజియో అబ్బాయి తెలివైనవాడు. బంతి పక్కన పెట్టేసి కుక్కల్ని దువ్వే బ్రష్ తెమ్మన్నాడు. “పెద్దమ్మా, రోజూ కుడి చేత్తో బెల్లాన్ని పదిసార్లు దువ్వండి చాలు” అన్నాడు. పది ఇరవై అయింది, ఇరవై యాభై అయింది. అత్తయ్య చెయ్యి బాగుపడింది మందులవల్ల, వ్యాయామంవల్ల, కాలంవల్ల. కుక్క నయం చేసిందని నేను చెప్పను, ఎవరైనా అలా చెప్తే నమ్మకండి కూడా. కానీ ఆ వ్యాయామం చెయ్యాలని ఆమెకి అనిపించింది మాత్రం బెల్లం వల్లే. ఈరోజు బెల్లం అత్తయ్య గదిలోనే పడుకుంటుంది.

ఆ అబ్బాయే చెప్పాడు, ఇలా కుక్కల్ని ఆసుపత్రులకీ బడులకీ తీసుకెళ్లేవాళ్లు చెన్నైలో, ముంబైలో ఉన్నారని. నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. తెలియని విషయం ఒకటి చెవిన పడితే దాని మొదలు చూడకుండా ఉండలేను. చదివాను. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్ట్ ఉండేవారు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు ఆయన పెంపుడు కుక్క జింగిల్స్‌తో కలిసిపోవడం చూసి, 1962లో దాని మీద వ్యాసం రాశారు. మొదట్లో తోటివాళ్లు నవ్వారట. తర్వాత ఎలెయిన్ స్మిత్ అనే అమెరికన్ నర్సు, ఇంగ్లండులో పనిచేసినప్పుడు రోగుల దగ్గరికి కుక్క వస్తే వాళ్ల ముఖాలు ఎలా మారేవో చూసి, 1976లో థెరపీ కుక్కల కోసం ఒక సంస్థ పెట్టారు. మనకి దగ్గర్లో చూస్తే, హాంకాంగ్‌లో జిల్ రాబిన్సన్ 1991లో మొదలుపెట్టిన ‘డాక్టర్ డాగ్’ కార్యక్రమాన్ని చెన్నైలోని బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ మన దేశానికి తెచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆ కుక్కల్లో మన వీధికుక్కలు కూడా ఉన్నాయి. లాబ్రడారో గోల్డెన్ రిట్రీవరో అయి ఉండాలన్న నియమమేమీ లేదు.

చాలామంది నన్ను అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చూపులేని వాళ్లకి దారి చూపించే కుక్క వేరు. అది సర్వీస్ డాగ్, ఒక మనిషికి తోడుగా పనిచెయ్యడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందుతుంది. థెరపీ డాగ్ అంటే మామూలు పెంపుడు కుక్క. యజమానితో కలిసి, ఇతరులకి ఊరట ఇవ్వడానికి వెళ్తుంది. అందుకే ఎంపికయ్యేది కుక్క ఒక్కటే కాదు, కుక్కా మనిషీ కలిసి ఒక జట్టు. నా బదులు మా ఆయన బెల్లాన్ని తీసుకెళ్తానంటే కుదరదు. ఆయన బెల్లంతో విడిగా పరీక్షకి కూర్చోవాల్సిందే. మన దేశంలో దీనికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు అంటూ ఏమీ లేదు. పనిచేస్తున్న సంస్థలే పరీక్ష పెట్టి కార్డు ఇస్తాయి.

2024 వేసవి సెలవుల్లో చెన్నైలో ఒక స్వచ్ఛంద సంస్థకి ఫోన్ చేశాను. అవతలి ఆవిడ ముందుగా అడిగింది బెల్లం ఏమేం చేయగలదని కాదు. “కొత్త మనుషులొస్తే మీ కుక్క ఏం చేస్తుంది?” అన్నారు. “తోక ఊపుతూ దగ్గరికెళ్లి కూర్చుంటుంది” అన్నాను. “ఎవరూ పిలవకుండానే?” “పిలవకుండానే.” “అయితే మొదలుపెట్టొచ్చు” అన్నారు. మనుషులంటే ఇష్టం అనేది నేర్పించి తెప్పించేది కాదట. మిగతావన్నీ నేర్పొచ్చు.

కుక్కకి కనీసం ఏడాది నిండాలి. మన ఇంటికొచ్చి ఆరు నెలలైనా అయి ఉండాలి. ఎవరినీ కరిచి ఉండకూడదు. టీకాల పుస్తకం సరిగ్గా ఉండాలి. పచ్చిమాంసం పెట్టకూడదు. అమెరికాలోని పెట్ పార్ట్‌నర్స్ సంస్థ పెట్టుకున్న నియమాలకి ఇవి చాలా దగ్గరగా ఉన్నాయి. పచ్చిమాంసం సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కుక్కకి ఏ జబ్బూ చెయ్యకుండానే దాని నోట్లో, మలంలో ఉండిపోవచ్చు. ముసలివాళ్లకీ జబ్బుపడి ఉన్నవాళ్లకీ అది చాలా ప్రమాదం. మా ఆయన ఆదివారం చికెన్ కొట్టు నుంచి తెచ్చే ముక్కలు ఆ రోజు నుంచీ కుక్కర్లో ఉడికాకే బెల్లం గిన్నెలోకి వెళ్తున్నాయి, అన్నం, గుమ్మడికాయ ముక్కలతో కలిపి. ఉల్లిపాయ వెయ్యం, అది కుక్కలకి విషం.

టీకాల విషయంలో మాకు బెంగ లేదు. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రిలో పెంపుడు కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా ఇప్పించారు. నేను ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రతి ఏడూ ఆ కథ చెప్తాను, సాయంత్రం బెల్లాన్ని తీసుకుని వరసలో నిలబడతాను. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంతకుముందే చేయించాం. కొత్తగా చేయించింది మలపరీక్ష. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేస్తున్నా సరే, పరీక్షలో కొక్కెపురుగు గుడ్లు కనిపించాయి. మళ్లీ మందు వేసి, మళ్లీ పరీక్ష చేయించి, ఏమీ లేవని తేలాకే డాక్టరుగారు ఆరోగ్య పత్రం మీద సంతకం పెట్టారు. గోమార్లయితే మా ఇంట్లో అందరి పనీ అయిపోయింది. రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతకడమే.

ఇంక శిక్షణ. కూర్చో, ఉండు, వదిలెయ్, ఇట్రా. ఈ నాలుగు మాటలతో ఎనిమిది నెలలు గడిచాయి. అన్నీ తెలుగులోనే. రేపు దాన్ని ముద్దుచేసే ముసలివాళ్లు మాట్లాడేది తెలుగే కదా. ‘వదిలెయ్’ అన్నిటికంటే ముఖ్యం. వృద్ధాశ్రమంలో ఎవరి చేతిలోంచైనా మాత్ర కింద పడితే బెల్లం దాన్ని నోట్లో వేసుకోకూడదు. మొదట మూసిన గుప్పిట్లో బిస్కెట్, తర్వాత తెరిచిన అరచేతిలో, తర్వాత నేల మీద, చివరికి దాని పాదాల పక్కన. ముట్టుకోకుండా నా కళ్లలోకి చూసిన ప్రతిసారీ అంతకంటే మంచి ముక్క నా చేతి నుంచి. కొట్టడం, గద్దించడం ఈ పద్ధతిలో లేవు. భయంతో కూర్చున్న కుక్క బయటికి నెమ్మదిగానే కనిపిస్తుంది. దానికి లోపల ఏమనిపిస్తోందో మనకి తెలియకుండా పోతుంది, అదే అసలు ప్రమాదం.

ఆ తర్వాత శబ్దాలు, వస్తువులు. అత్తయ్య వాడి వదిలేసిన వాకర్, అద్దెకి తెచ్చిన చక్రాల కుర్చీ, చేతికర్ర. పక్కింటి పిలకాయల్ని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి తోయించాను. వంటింట్లో స్టీలు కంచాలు జారవిడిచేదాన్ని, ముందు దూరంగా దుప్పటి మీద, వారాలు గడిచేకొద్దీ దగ్గరగా నేల మీద. పొద్దున్నే వేదాయపాళెం స్టేషన్ బయట ఒక అరుగు మీద కూర్చుని రైళ్లు పోయేదాకా చూసేవాళ్లం. ట్రంకురోడ్డు సాయంత్రం రద్దీలో పది నిమిషాలు. ఆదివారం మైపాడు సముద్రం. సంక్రాంతికి ఒంగోలు మా అక్కా వాళ్లింటికి వెళ్తే అక్కడా ప్రాక్టీసే. కొత్త ఇల్లు, మెట్లు, నున్నటి పాలరాయి నేల. బెల్లం నున్నటి నేల మీద కాళ్లు జారి బిగుసుకుపోతుందని అక్కడే తెలిసింది. గోళ్లు బాగా పొట్టిగా ఉంచి, అరిపాదాల మధ్య వెంట్రుకలు కత్తిరించాక అది తగ్గింది. అప్పటినుంచి దానికని ఒక జంపఖానా ముక్క నా సంచిలోనే ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో పరీక్షకి పిలిచారు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటుకుంటూ నూటడెబ్బై కిలోమీటర్ల పైన ప్రయాణం. బెల్లం సూళ్లూరుపేట దగ్గర ఒకసారి వాంతి చేసుకుంది. నాకు రాత్రంతా నిద్ర లేదు, టెన్షన్. పదిన్నరకి లోపలికి పిలిచారు.

పరీక్షలో కొత్త మనిషి వచ్చి పలకరిస్తారు, చెవులు, పాదాలు పట్టుకుని చూస్తారు. లీష్ వదులుగా ఉంచి నడవాలి. గుంపులోంచి నడవాలి. కూర్చోమంటే కూర్చోవాలి, ఉండమంటే ఉండాలి, పిలిస్తే రావాలి. వెనక నుంచి ఒకరు తగులుతారు. ఇద్దరు గట్టిగా అరుచుకుంటారు. ఒకరు మోటుగా నిమురుతారు, ఇంకొకరు గట్టిగా వాటేసుకుంటారు. ముగ్గురు ఒకేసారి మీదికొచ్చి ముద్దుచేస్తారు. ఇంకో కుక్క ఎదురుగా వస్తుంది. నేల మీద తినే వస్తువు ఉంటుంది. బెల్లం ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతుంటే నా గుండెలో బరువు దిగిపోతూ వచ్చింది.

చివర్లో చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు, సంస్థ వాలంటీరే. బెల్లం రెండడుగుల దూరంలో ఆగిపోయింది. తల పక్కకి తిప్పుకుంది. నాలుకతో ముక్కు నాక్కుంది. ఆ తర్వాత పెద్దగా ఆవులించింది. పొద్దున నాలుగింటికి లేచింది కదా, నిద్రొస్తోందనుకున్నాను. లీష్ కొంచెం ముందుకి లాగి, “వెళ్లమ్మా, మంచిదానివి కదా” అన్నాను. బెల్లం వెళ్లింది. ఆవిడ ఒడి దగ్గర తల పెట్టింది కూడా.

ఫలితం: ఇంకా సిద్ధంగా లేరు.

పరీక్ష పెట్టిన మేడమ్ నన్ను కూర్చోబెట్టి ఫోన్లో తీసిన వీడియో చూపించారు. ఆవులింత దగ్గర ఆపి, బెల్లం కన్ను పెద్దది చేశారు. నల్లగుడ్డు పక్కన తెల్లగా, సన్నటి నెలవంకలా ఒక గీత. చెవులు వెనక్కి అతుక్కుని ఉన్నాయి. తోక ఊగుతోంది కానీ కిందికి, బిగుసుగా. “ఇది నిద్ర ఆవులింత కాదండీ. నాకు ఇక్కడ బాగాలేదు అని చెప్తోంది. మూడుసార్లు చెప్పింది. తల తిప్పి ఒకసారి, నాలుకతో ఒకసారి, ఆవులించి ఒకసారి. మీరు వినలేదు. మీరంటే ప్రేమ కాబట్టి వెళ్లింది. రేపు ఆశ్రమంలో ఒక ముసలాయన దాని చెవి గట్టిగా పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే చెప్తుంది. అప్పుడూ మీరు వినకపోతే, దానికి మిగిలేది గుర్రుమనడమే” అన్నారు. అసలు కారణం తర్వాత తెలిసింది. ఆ పెద్దావిడ మోకాళ్లకి తలనొప్పి బామ్ లాంటిదేదో రాసుకున్నారు. ఆ ఘాటు వాసన మనకే కళ్లు మండిస్తుంది, కుక్క ముక్కుకి ఇంకెంత.

తిరుగు ప్రయాణంలో తడ దాకా నేను మాట్లాడలేదు. బెల్లం నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఇన్నాళ్లూ అది ఎన్నిసార్లు ఇలా చెప్పి ఉంటుంది? పక్కింటి పిల్లలు మీద పడినప్పుడు, చుట్టాలు ఫొటోలు దిగుతామని వాటేసుకున్నప్పుడు? నేను ప్రతిసారీ, చూడండి ఎంత ఓపికో మా బెల్లానికి అని మురిసిపోయాను.

మర్నాడు నుంచి ఒక నోటుబుక్ పెట్టాను. ఆవులింత, ముక్కు నాకడం, తల తిప్పడం, కన్ను తెల్లబడడం, తడి లేకపోయినా ఒళ్లు దులపరించుకోవడం, ఒక ముందుకాలు ఎత్తిపట్టుకోవడం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర, అన్నీ రాశాను. నాలుగు నెలల్లో ఆ పుస్తకం నాకు చాలా చెప్పింది. బెల్లానికి తల మీద చెయ్యి పెట్టడం ఇష్టం లేదు, గడ్డం కింద, ఛాతీ మీద నిమిరితే ఇష్టం. పైనుంచి వంగే మనిషి కంటే పక్కన కూర్చునే మనిషి ఇష్టం. బామ్ వాసన, ఫినాయిల్ వాసన అస్సలు పడవు. ముప్పై నిమిషాలు దాటితే అలసిపోతుంది. మనుషులు మారినా ఆ లెక్క మారలేదు.

ఇంకోటి నేర్చుకున్నాను. దగ్గరికి తీసుకెళ్లకూడదు, వెళ్లనివ్వాలి. లీష్ వదులుగా పట్టుకుని మూడడుగుల దూరంలో ఆగడం. “పలకరిస్తావా?” అని మెల్లగా అడగడం. బెల్లం ముందుకి అడుగేస్తే సరే. వెయ్యకపోతే ఎదుటి మనిషికి నమస్కారం పెట్టి, “ఈరోజు దానికి కుదరలేదండీ” అని పక్కకి తప్పుకోవడం. మన దగ్గర ఇది కష్టం. పెద్దవాళ్లు ప్రేమగా చేతులు చాపితే పిల్లలనైనా ‘వెళ్లు, వెళ్లు’ అని తోసే అలవాటు మనది. నేను మా అబ్బాయిని చిన్నప్పుడు ఎంతమంది ఒళ్లోకి అలా తోశానో.

జులైలో రెండోసారి పరీక్షకి వెళ్లాం. ఈసారి ఒక యువకుడు చేతికర్రతో కుంటుకుంటూ గట్టిగా కేకలేస్తూ వచ్చాడు. బెల్లం తల తిప్పుకుంది. నేను ఆగి, దానికీ అతనికీ మధ్యలో నిలబడి, “ఒక్క నిమిషం ఆగుతారా” అన్నాను. కాసేపటికి బెల్లమే నా పక్కనుంచి తొంగి చూసి ముందుకెళ్లింది. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. సాయంత్రానికి కార్డు చేతికొచ్చింది. నా ఫొటో, బెల్లం ఫొటో పక్కపక్కన. రెండేళ్లకి మళ్లీ పరీక్ష.

కార్డు వచ్చాక పని అయిపోయిందనుకుంటే, అడుగు పెట్టనిచ్చే చోటు దొరకడానికి ఇంకో నాలుగైదు నెలలు పట్టింది. ఒక ఆశ్రమం వాళ్లు మర్యాదగా వద్దన్నారు. ఇంకోచోట ఆలోచించి చెప్తామన్నారు. ఇంతలో 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తీసెయ్యమని. పేపర్లో ఆ వార్త వచ్చిన వారంలోనే నేను ఒక పిల్లల కేంద్రానికి కుక్కని తెస్తానని అడగడానికి వెళ్లాను. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. కుక్కకాటు పడ్డ పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. ఒకడు నాలుగుసార్లు ఆసుపత్రికి తిరిగి సూదులు వేయించుకున్నాడు. అందుకే వాదించలేదు. టీకాల పుస్తకం, ఆరోగ్య పత్రం, కార్డు బల్ల మీద పెట్టి, “ముందు కుక్క లేకుండా నేనొక్కదాన్నే వస్తాను. పిల్లల్ని చూస్తాను. ఎవరికి భయమో, ఎవరికి ఎలర్జీనో, ఎవరికి పుళ్లు ఉన్నాయో మీరు చెప్పండి. తల్లిదండ్రుల సంతకాలున్న పిల్లలే వస్తారు. మీరు ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేస్తాను” అన్నాను. ఇంచార్జి మేడమ్ కాగితాలన్నీ రెండుసార్లు చదివి, డిసెంబరులో రెండో శనివారం రమ్మన్నారు. ఆ తర్వాత ఇందుకూరుపేట వైపు ఒక వృద్ధాశ్రమం వాళ్లు వాళ్లంతట వాళ్లే పిలిచారు.

వెళ్లే ముందురోజు స్నానం, దువ్వడం, గోళ్లు అరగదియ్యడం, చెవులు తుడవడం. పొద్దున విరేచనం పలచగా ఉంటే ఆరోజుకి రద్దు. పెట్ పార్ట్‌నర్స్ నియమాల ప్రకారం రోజుకి రెండు గంటలు దాటకూడదు. మాకు ముప్పై నిమిషాలే. ముట్టుకునే ముందు, తర్వాత అందరూ చేతులు కడుక్కోవాలి. సంచిలో శానిటైజర్, జంపఖానా, నీళ్ల గిన్నె, మలం తియ్యడానికి కవర్లు. ఎవరి దగ్గరా పైసా తీసుకోం. ఆశ్రమం వాళ్లు కాఫీ ఇస్తే తాగుతాను.

ఆశ్రమంలో మొదటిరోజు ఒక తాతని మర్చిపోలేను. కోవూరు దగ్గర సేద్యం చేసినాయన. నర్సు ముందే చెప్పింది, పెద్దగా మాట్లాడరని. బెల్లాన్ని చూడగానే మంచం మీద లేచి కూర్చుని, “ఇదేందమ్మా, ఇది మన ఊరకుక్కేగా!” అన్నారు. ఆ గొంతులో ఎంత సంతోషమో. విదేశీ కుక్కని తెస్తారనుకున్నారేమో. “మా కళ్లంలో అచ్చం ఇట్టాంటిదే ఉండేది. నాట్లప్పుడు నేను గట్టు మీద నడిస్తే అది బురదలో నడిచేది” అని మొదలుపెట్టి, దాని పేరు, అది పాముని ఆపిన రాత్రి, వాళ్లావిడ దానికి రోజూ పెట్టిన సంకటి ముద్ద, అన్నీ చెప్పారు. చెప్తున్నంతసేపూ ఆయన బొటనవేలు బెల్లం గడ్డం కింద ఒకే చోట తిరుగుతూనే ఉంది. బెల్లం ఆయన పాదం మీద తన పాదం పెట్టింది.

అదే వరండాలో ఒక ముస్లిం పెద్దావిడ ఉన్నారు. కుక్క తడి తగిలితే నమాజుకి మళ్లీ శుభ్రం చేసుకోవాలి కాబట్టి దగ్గరికి తేవద్దన్నారు. మా అత్తయ్య మడి చూసిన నాకు ఆ మాట కొత్తేమీ కాదు. ఆమె కుర్చీ ఉన్న వైపు మేము వెళ్లం. కానీ ప్రతిసారీ దూరం నుంచే, “మీ బిడ్డకి నీళ్లు పెట్టావా తల్లీ?” అని అడుగుతారు. పెట్టానని చెప్పేదాకా ఊరుకోరు.

పిల్లల కేంద్రంలో ఒక పాప ఉంది, ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల రెండు గుప్పిళ్లూ బిగుసుకుని ఉంటాయి. ఆమె టీచర్ ఆ గుప్పిట్లో ఒక బిస్కెట్ ముక్క పెడుతుంది. బెల్లం ఎదురుగా కూర్చుంటుంది. పాప ముందు చిటికెనవేలు విప్పుతుంది. ఆగుతుంది. ఉంగరపువేలు. మొహమంతా ఎర్రబడుతుంది. ఒక్కోసారి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ బెల్లం కదలదు, చెయ్యి వైపు కూడా చూడదు, పాప మొహం వైపే చూస్తుంది. ‘వదిలెయ్’ కోసం ఎనిమిది నెలలు పడ్డ కష్టం అంతా ఆ మూడు నిమిషాల్లో నాకు కనిపిస్తుంది.

ఇంకో పిల్లవాడు ఉన్నాడు, పదకొండేళ్లు. చిన్నప్పుడు వీధిలో కుక్క కరిచింది. మొదటిరోజు కిటికీ బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అననివ్వలేదు. రెండోసారి లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వాడికి లెక్కలంటే ఇష్టం. బెల్లానికీ తనకీ మధ్య నేల మీద ఎన్ని టైల్స్ ఉన్నాయో లెక్కపెట్టి టీచర్‌కి చెప్పాడు. పదమూడు. తర్వాతి వారం పదకొండు. ఒక వారం మళ్లీ పన్నెండు, ఆరోజు వాడికి ఇంట్లో ఏదో అయిందట. తర్వాత తొమ్మిది.

పోయిన శనివారం ఆరు టైల్స్. వాడు నేల మీద కూర్చుని బెల్లాన్నే చూస్తున్నాడు. పాప వంతు అయిపోయింది, ఇంకో ఇద్దరు దువ్వడం అయిపోయింది. బెల్లం ముక్కు నాక్కుని ఆవులించింది. నేను జంపఖానా మడత పెట్టడం మొదలుపెట్టాను.

“మేడమ్, దానికి నిద్రొస్తుందా?” అన్నాడు వాడు. నాతో వాడు మాట్లాడటం అదే మొదటిసారి.

“కాదు నాన్నా. ఇంక చాలు అని చెప్తోంది.”

వాడు కాసేపు ఆలోచించాడు. “చాలంటే ఆపేస్తారా?”

“ఆపేస్తాం. ఇంటికెళ్లిపోతాం.”

వాడు లేచాడు. గోడ వెంబడే, బెల్లం వైపు నుంచి కళ్లు తిప్పకుండా తలుపు దాకా నడిచాడు. మాకంటే ముందు వరండా దాటి వెళ్లి, రెండు చేతులతో గేటు గడియ తీసి, గేటు వెనక్కి లాగి పట్టుకుని నిలబడ్డాడు. బెల్లం వాడి ముందునుంచి, రెండు టైల్స్ దూరంలో, మెల్లగా నడిచి బయటికొచ్చింది.